మైకు ఎడమ

మా ఊళ్ళో ఎడమలు రెండు. ఒకటి లోకానిది, రెండోది మా బావది. ఆ రెండోదానికి జనం పెట్టుకున్న పేరు మైకు ఎడమ. కిరాణా కొట్టు ఎక్కడండీ అని మా ఊళ్ళో ఎవరినైనా అడగండి. "సందు చివర ఎడమకి తిరగండి" అంటారు, ఒక్క క్షణం ఆగుతారు, "మైకు ఎడమ కాదండోయ్, మామూలు ఎడమే" అని మరీ చెప్పి పంపిస్తారు. ఒక మనిషి బతికుండగానే ఒక వైపును పూర్తిగా పాడు చేయగలడని మా బావను చూశాకే నాకు తెలిసింది.

ఆయన బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో చెప్పే ఉద్యోగం చేశాడు. బస్టాండు మధ్యలో ఒక అద్దాల గది, అందులో జనానికి ఎదురుగా వేసిన కుర్చీ. జనం మొహాలు చూస్తూ కూర్చునేవాడి ఎడమ జనానికి కుడి అవుతుంది. ఇది అక్షరాలు రాని పిల్లలకి కూడా తెలుసు. మైకు ముందు కూర్చున్నవాడికి తెలిసి తీరాలని రూలేమీ లేదు కదా! "ప్రయాణికులకు గమనిక. బస్సు ఎడమవైపు చివర సిద్ధముగా ఉన్నది" అని ఆయన గొంతు సవరించుకుని చెప్పగానే జనం మూటాముల్లె ఎత్తుకుని ఎడమకు పరుగెత్తేవారు. బస్సు కుడివైపు నుంచి చక్కా పోయేది.

పైనుంచి అధికారి ఒకాయన వచ్చి ఇదేమిటయ్యా అని అడిగాడట. "నా ఎడమ నాకు తెలీదా సార్?" అన్నాడట బావ. ఆ పెద్దమనిషి నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. ఏమంటాడు మరి? బావ ఎడమ బావకు నిజంగానే తెలుసు. ఎదుటివాళ్ళకి కూడా ఒక ఎడమ ఉంటుందన్నదే ఆయన బుర్రకు ఎక్కని సంగతి. చివరికి ఊరే సర్దుకుంది. మైకు ఎడమ అంటే కుడికి పరుగు, కుడి అంటే ఎడమకి. పరాయి ఊళ్ళ వాళ్ళు మాత్రం బస్సులు పోగొట్టుకుని, బెంచీల మీద కూలబడి మా ఊరిని నానా మాటలూ అనుకునేవారు.

అద్దాల గదిలోంచి అన్ని బస్సులూ కనపడవు. అయితే ఏం, చెప్పడానికి చూడాలా? వచ్చియున్నది అని ఆయన అన్నాడంటే బస్సు వచ్చినట్టే, రాకపోతే తప్పు బస్సుది. ఇంట్లోనూ అదే వరస. ఉప్పు సరిపోయినది అని బావ ప్రకటించాడంటే ఇంటిల్లిపాదీ చప్పగా తిని లేవాల్సిందే. ఒకసారి నేను వాళ్ళింట్లో ఉన్నప్పుడు "వేడినీళ్ళు సిద్ధముగా ఉన్నవి" అని బయటనుంచి ప్రకటన వచ్చింది. నమ్మి చెంబుడు నెత్తిన పోసుకుని కెవ్వుమన్నాను. పొయ్యి వెలిగించనే లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళను చూశాను గానీ, కుందేలును పట్టకుండానే కాళ్ళ లెక్క తేల్చేసేవాడు ఈయనొక్కడే. మరదలిని కాబట్టి ఈ మాత్రం అనే హక్కు నాకుంది. మా అక్క అనదు కనుక ఆమె వాటా కూడా నేనే అంటాను.

ఇక ఆ కారు. మూతపడిన సినిమా హాలు వెనక షెడ్డులో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న పాత కారు అది. గుండ్రటి దీపాలు, పొడుగాటి ముక్కు, సైకిలు చక్రాలకు ఉన్నట్టు సన్నటి చువ్వల చక్రాలు. మా బావ కంట్లో పడింది. పది మంది చేత తోయించుకుంటూ ఇంటికి తెచ్చాడు. ఎక్కడ పెట్టాలి? సందులో పెడితే ఎండకు రంగు పోతుందట. అందుకని ముందు గది గోడ పగలగొట్టి, షట్టరు పెట్టించి, కారును ఇంట్లోకి తోయించాడు. ఆ ఇంట్లో మంచి కిటికీ ఉన్నది ఆ ఒక్క గదికే. పొద్దున్నే ఎండ పడేదీ అక్కడే. ఆ కిటికీ కింద మా అక్క కుట్టుమిషను ఉండేది.

మిషను వంటింట్లోకి పోయింది. పొయ్యికీ గిన్నెల అలమరకీ మధ్య, పట్టపగలు కూడా బల్బు వేసుకుంటే గానీ సూది కనపడని మూల. అక్క స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ముదురు నీలం గుడ్డ మీద ముదురు నీలం దారం, పైన జిడ్డుపట్టిన బల్బు. కళ్ళు ఏం కావాలి? కళ్ళద్దాలు మారుతూ వచ్చాయి, అద్దాలు మందమవుతూ వచ్చాయి. ఓ తల్లి గౌను తిప్పి తెచ్చి, "జేబు లోపలివైపుకి కుట్టారండీ, పైగా గౌనంతా వేపుడు వాసన" అని మొహం మీదే పడేసి వెళ్ళింది. ఆ రోజు అక్క అన్నం తినలేదు. "ఆ గది నాకు ఇప్పించండి" అని అడిగినప్పుడల్లా బావ ఒకటే మాట. "కారు రోడ్డెక్కగానే ఇంకో ఏర్పాటు చేయబడును." చేయబడును! ఎవరి చేత చేయబడుతుందో ఆ మాటలో ఉండదు చూడండి, అదీ తమాషా.

కారు రోడ్డెక్కేది కాదు. బావ దాన్ని తుడిచేవాడు, అంతే. సెలవు రోజుల్లో పొద్దున్నుంచి గుడ్డముక్క, పాలిషు డబ్బా పట్టుకుని దాని చుట్టూ తిరిగేవాడు. ప్రతి చక్రానికీ నడిమధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. ఒకే ఒక్కటి. దానికి రెండు చెవులు. ఆ చెవి మీద కొయ్య సుత్తితో కొడితే నట్టు తిరుగుతుంది, చక్రం ఊడుతుంది. ఏ వైపు కొట్టాలో తెలియడానికి దాన్ని చేసిన పుణ్యాత్ముడు నట్టు మీద ఒక బాణం గుర్తు చెక్కి పెట్టాడట. మా బావ రుద్ది రుద్ది ఆ బాణాలన్నింటినీ అరగ్గొట్టేశాడు. నట్లు మాత్రం అద్దాల్లా మెరుస్తుండేవి, మొహం చూసుకోవచ్చు.

బావ ఉద్యోగం అయిపోయాక బస్టాండులో ఆ కుర్చీలో ఇంకో మనిషిని వేయలేదు. ఒక పెట్టె పెట్టారు. అందులోంచి ఎవరో అమ్మాయి గొంతు, ముందే రికార్డు చేసింది, చక్కగా "మీ ఎడమవైపు" అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల చెప్పింది అసలు ఎడమే. ఏం లాభం? ఎడమ అని వినపడగానే ఊరు ఊరంతా అలవాటు కొద్దీ కుడికి పరుగెత్తింది. కొన్నాళ్ళ పాటు ఉన్న ఊరివాళ్ళే బస్సులు పోగొట్టుకున్నారు, పరాయివాళ్ళు హాయిగా ఎక్కి పోయారు. బావ సంబరం చూడాలి! "చూశావా మరదలా, జనం యంత్రాన్ని నమ్మరు" అన్నాడు. జనం యంత్రాన్ని నమ్మకపోవడం కాదు బావా, మీరు జనాన్ని అంతగా తిరగేసి పెట్టారు అన్నాను. వినపడనట్టు నట్టు తుడుచుకున్నాడు.

ఇంతలో బస్టాండుకు కొత్త భవనం కట్టారు. ప్రారంభానికి పాత ఉద్యోగులందరినీ రమ్మన్నారు. "కారులో వెళ్ళబడును" అని ప్రకటించాడు బావ.

అక్క పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. "వెళ్ళండి. ఆ కారులోనే వెళ్ళి, ఆ కారులోనే తిరిగి రండి. వచ్చారా, ఇక నేను ఆ గది మాట ఎత్తను. కళ్ళు పోయేదాకా వంటింట్లోనే కుట్టుకుంటాను. రాలేకపోయారా, కారు పెరట్లో రేకుల కిందికి, నా మిషను కిటికీ కిందికి. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోవడమైనది" అన్నాడు బావ, ఛాతీ విరుచుకుని.

నాకు ఒళ్ళు మండింది. అక్కను పక్కకు లాగి, "నీకేమైనా పిచ్చా? ఆ కారు నడిచి చచ్చిందంటే ఏం చేస్తావే?" అన్నాను. "ఊరికే అడిగితే ఇన్నేళ్ళలో ఇవ్వలేదు. పందెం అంటే ఆయనకి పౌరుషం. ఇదొక్కటే దారి" అంది అక్క. మొండిఘటం. అక్కాచెల్లెళ్ళం కదా, ఆ మొండితనం ఎక్కడిదో నాకు తెలియకపోలేదు.

బావకు ఒక స్నేహితుడు ఉన్నాడు, పాత బస్సు కండక్టరు. ఏ మాటకైనా "రైట్" అంటాడు. అతని భాషలో రైట్ అంటే పోనివ్వు అని, సరే అని, కుడి అని, ఒక్కోసారి నాకేం తెలీదు అని కూడా. ఇంజను పని అంతా అతను తెలిసిన వర్క్‌షాపులో చెప్పి చేయించాడు. నిజం చెప్పొద్దూ, ఇంజను బుర్రుమని అందుకుంటే అక్క కిటికీ పోయినట్టే అనుకున్నాను. కారును సందు చివరదాకా నడిపి చూశారు. నడిచింది! కానీ వెనక చక్రాల దగ్గర టక్, టక్, టక్ అని చప్పుడు. వెనక చక్రాలు విప్పి, లోపల గ్రీజు పెట్టాలని తేలింది.

ఎడమ చక్రం దగ్గర బావ సుత్తి పట్టుకున్నాడు. "ఏ నట్టయినా ఎడమకి తిప్పితే ఊడును, కుడికి తిప్పితే బిగియును" అని మాకందరికీ పాఠం చెప్పి, చెవి మీద ఎడమకి నాలుగు తగిలించాడు. ఊడింది. మా వంక చూసిన చూపు ఉందే, చక్రాన్ని కనిపెట్టింది తనేనన్నట్టు ఉంది. అదే ఊపులో కుడి చక్రం దగ్గరికి పోయాడు. అక్కడా ఎడమకి కొట్టాడు. కదల్లేదు. గట్టిగా కొట్టాడు. కదల్లేదు. తుప్పు పట్టిందన్నాడు, నూనె పోశాడు, కొట్టాడు. మర్నాడు కండక్టరు చేత కొట్టించాడు. కండక్టరు నడుం పట్టుకుని "ఇక నా వల్ల కాదు గురువుగారూ" అని ఇంటికి పోయాడు. చెవి మెలిపెడితే ఎంత మొండివాడైనా దారికొస్తాడంటారు. ఈ నట్టు మాత్రం కొట్టిన కొద్దీ బిగుసుకుంటోంది. బిగుసుకోక ఏం చేస్తుంది పాపం, ఆయన బిగిస్తుంటే!

చివరికి సుత్తి అక్క చేతికొచ్చింది. చక్రం తిరగకుండా బ్రేకు తొక్కి పట్టాలి కనుక బావ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అక్కడినుంచి, వెనక్కి చూడకుండానే, "ఎడమకి కొట్టవోయ్! ఎడమకి!" అని కేక పెట్టాడు.

అక్క ఈ ఊరి మనిషి. పైగా ఆ ఇంటి మనిషి. ఆ గొంతు ఎడమ అంటే చెయ్యి దానంతటదే కుడికి పోతుంది. కుడికి కొట్టింది. ప్రతి దెబ్బకీ వేపుడు వాసన, నీలం గుడ్డ, పాడు బల్బు అని మనసులో అనుకుంటూ కొట్టిందని తర్వాత నాతో చెప్పింది. నట్టు కిర్రుమంది, కదిలింది, గిర్రున తిరిగి చేతిలోకి వచ్చేసింది.

"నేను చెప్పలా?" అన్నాడు బావ, సీట్లోంచే.

"మీరు చెప్పిందానికి ఎదురు కొట్టానండీ" అంది అక్క.

బావ దిగి వచ్చాడు. నట్టును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గాల్లో వేలితో సున్నాలు చుట్టాడు. చాలాసేపు చుట్టాడు. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ రోజు ఆయన బుర్ర పనిచేసింది. "ఒక వైపు నట్టు మామూలుది, రెండో వైపుది దానికి ఎదురు. కారు ముందుకు పోతుంటే చక్రం తిరుగుడుకి నట్టు బిగుసుకోవాలని అలా పెట్టారు. అటుది ఇటు, ఇటుది అటు పెడితే, పోయినకొద్దీ వదులైపోవును" అన్నాడు. ఇంత మంచి సంగతి తనకు తట్టినందుకు తనే ఆశ్చర్యపోయి, కండక్టరు ఇంటికి వెళ్ళి మరీ చెప్పి వచ్చాడు. "రైట్" అన్నాడట అతను.

అక్కడితో గ్రీజు పెట్టి చక్రాలు ఎక్కించేస్తే గొడవ లేదు. అబ్బే, మా బావ చెయ్యి ఊరుకుంటుందా? చక్రం తీశాక లోపల పళ్ళున్న ఇనుప దిమ్మ ఒకటి కనపడుతుంది, హబ్బు అంటారు. చక్రం కూర్చునేదీ, నట్టు పట్టుకునేదీ దాని మీదే. లోపలంటా చూడాలని ఆ హబ్బులు రెండింటినీ కూడా పీకించాడు. పీకించి నేల మీద పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి.

"ఏమండీ, ఇవి కలిసిపోతాయి. ఏది ఎటుదో పెయింటుతో రాయండి" అంది అక్క. అని, ఊరుకోకుండా, "ఈసారైనా కారులో కూర్చుని, చెయ్యి చూసుకుని, ఎడమేదో తేల్చుకుని రాయండి. ఎదురుగా నిలబడి కాదు" అంది.

బావ మొహం మాడిపోయింది. "నా ఎడమ నాకు తెలీదా?" అని మమ్మల్ని గదిలోంచి బయటికి పంపి షట్టరు దించుకున్నాడు. కాసేపటికి చూస్తే హబ్బుల మీద ఎర్ర పెయింటుతో ముచ్చటగా "ఎడమ", "కుడి" అని రాసి ఉన్నాయి. లోపల ఎలా రాశాడో మేం చూడలేదు. ఆయన చెప్పలేదు.

బిగించే రోజుకు బావ నడుం కూడా పట్టేసింది. వంగలేడు. కాబట్టి డ్రైవరు సీటే గతి. ముందుకు చూస్తూ వెనక జరిగేది చెప్పడం ఆయనకు అలవాటైన పనే కదా. కాస్త కోలుకున్న కండక్టరూ, అక్కా కింద కూర్చుని పని చేస్తున్నారు. నేను టార్చి పట్టుకున్నాను. నాకు ఉండబట్టలేదు. "నువ్వెందుకే చేస్తావు? చేతులు కట్టుకుని కూర్చో. కారు కదలకపోతే గది నీదేగా" అని అక్క చెవిలో అన్నాను.

"దొంగ గెలుపు నాకెందుకే. కుట్టు వంకరగా వేసి ఇస్తే గౌను తీసుకుంటారా ఎవరైనా? ఇదీ అంతే. ఓడిపోతే ఓడిపోతాను" అంది.

ఎడమ అని రాసిన హబ్బును చేతిలోకి తీసుకుంది. ఆగింది. కండక్టరు వంక చూసింది. "అన్నయ్యా, ఆయన ఎడమ కదా ఇది?"

"గురువుగారి ఎడమంటే మన కుడే కదమ్మా. రైట్" అన్నాడు కండక్టరు.

అయినా అక్కకు అనుమానం తీరలేదు. గొంతెత్తి, "ఏమండీ! ఇది ఏ ఎడమ?" అని అడిగింది.

"ఎడమంటే ఎడమే! ఎన్నిసార్లు చెప్పాలి?" అని సీట్లోంచి అరిచాడు బావ.

కాపురానికి వచ్చిన నాటినుంచీ వింటున్న మాటే అది. ఆ మాట విన్నాక ఊళ్ళో ఎవరైనా ఏం చేస్తారో మా అక్క అదే చేసింది. ఎడమ అని రాసినదాన్ని కుడివైపు పెట్టింది, కుడి అని రాసినదాన్ని ఎడమవైపు పెట్టింది. కండక్టరు వాటిని బిగించి, చక్రాలు ఎక్కించి, చెవుల నట్లను సుత్తితో గట్టిగా కొట్టి చేతులు దులుపుకున్నాడు. నిలబడి ఉన్న కారుకు అవి దిట్టంగానే ఉన్నాయి. నిలబడి ఉన్నంతసేపూ మా బావ కారుకు ఎప్పుడూ ఏ లోటూ లేదు.

ప్రారంభం రోజు బావ ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని స్టీరింగు పట్టుకున్నాడు. పందెం తనది కాబట్టి అక్క పక్కన కూర్చుంది. వెనక సీట్లో నేను, కండక్టరు. "రైట్ రైట్" అన్నాడు కండక్టరు. కారు బయల్దేరింది.

చప్పుడు లేదు. టక్ లేదు, టిక్ లేదు. వెన్నలా పోతోంది. సందు దాటాం, మార్కెట్టు దాటాం. కొట్లవాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. బావ ఒక చేత్తో నడుపుతూ రెండో చెయ్యి ఊపుతున్నాడు. "ప్రయాణికులకు గమనిక. కారు సకాలమున బయలుదేరినది. కుట్టుమిషను వంటగదియందే కొనసాగును" అన్నాడు.

ముందున్న అద్దంలో అక్క మొహం కనపడింది నాకు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటోంది. ఎంతసేపు తుడుచుకుంది! అద్దాలకు మసక లేదు, నాకు తెలుసు. ఆ క్షణాన బావ పీక నులమాలనిపించింది నాకు. పక్కన ఇంత మనిషి కుమిలిపోతుంటే కనపడదా? కనపడదు. ఎదురుగా ఉన్న బస్సే కనపడేది కాదు ఆయనకు.

బస్టాండు ముందర రోడ్డు కొంచెం పల్లం. అక్కడికి వచ్చేసరికి కారు వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. "ఏమిటి బావా ఇది?" అన్నాను. "రోడ్డు బాగులేదు" అన్నాడు. రోడ్డు నిన్న వేసింది. ఇంకాస్త ఊగింది. అప్పుడు మా కుడి పక్కనుంచి ఒక చక్రం మమ్మల్ని దాటుకుంటూ ముందుకు వెళ్ళింది.

బావ దానికి హారన్ కొట్టాడు.

"ఎవడిదో చక్రం ఊడిపోయింది చూడు. ఒళ్ళు తెలీని వెధవలు, బండి నడిపేముందు చూసుకోవద్దూ?" అన్నాడు.

ఆ మాట పూర్తవుతుండగా కారు వెనక కుడి మూల దభేలున రోడ్డు మీద కూలబడి, గీసుకుంటూ ఓ పక్కకు తిరిగి ఆగిపోయింది. వేగం లేదు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. చక్రం మాత్రం ఆగలేదు. పల్లంలో దొర్లుకుంటూ బస్టాండు గేటులోంచి లోపలికి వెళ్ళింది, కొత్త భవనం ముందు కుర్చీల్లో కూర్చున్న పెద్దలందరినీ దాటింది, ఒక ప్లాట్‌ఫారం దాకా పోయి, అక్కడ రెండు చుట్లు తిరిగి పడుకుంది. సరిగ్గా అప్పుడే రికార్డు పిల్ల "వాహనము ప్లాట్‌ఫారం పైకి వచ్చియున్నది" అంది. బస్టాండు బస్టాండంతా చప్పట్లు కొట్టింది.

బావ దిగాడు. నడుం నొప్పి మర్చిపోయి వెనక్కి పరుగెత్తాడు. చక్రం లేని చోట హబ్బు బయటికి కనపడుతోంది, దాని మీద ఎర్రగా "ఎడమ" అని.

"ఎడమది కుడివైపు ఎవరు పెట్టారు?" అన్నాడు. అరవలేదు, అదే వింత.

"నేనే పెట్టాను. మీరు ఎడమ అని రాశారు, అంటే కుడి కదా" అంది అక్క.

"ఈసారి అసలు ఎడమే రాశాను. నువ్వు చెప్పినట్టే కారులో కూర్చుని, చెయ్యి చూసుకుని రాశాను."

"మరి ఆ మాట చెప్పలేదేమండీ? అడిగాను కదా!" అంది అక్క.

"చెబితే... నీ మాట విన్నట్టుంటుందిగా" అన్నాడు బావ, నేల చూపులు చూస్తూ.

నాకు నవ్వాగలేదు, కోపమూ ఆగలేదు. పుట్టి బుద్ధెరిగాక ఈ మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎడమను ఎడమ అన్నాడు. అదీ ఎవరికీ తెలియకుండా, దొంగతనం చేసినట్టు, షట్టరు దించుకుని! ఆ నట్లు ఇప్పుడు ముందుకు పోతే వదులవుతాయి, వెనక్కి పోతే బిగుస్తాయి. వెనక్కి నడిపి ఉంటే ఆ కారులో దేశమంతా చుట్టి వచ్చేవాడు. ఆ సంగతి పైకే అన్నాను.

కారును తాళ్ళు కట్టి లాక్కొచ్చారు. ఇంటి ముందు ఆపి, ఎటు తొయ్యమంటారని అడిగాడు కండక్టరు. షట్టరు లోపలికా, పెరట్లోకా?

"లోపలికే తొయ్యండి అన్నయ్యా. హబ్బులు మార్చింది నేను. నా తప్పుతో నేను గెలిస్తే అది గెలుపెలా అవుతుంది? గది ఆయనదే" అంది అక్క. నాకు ఏడుపొచ్చింది. ఇంత బతుకూ బతికి, చేతికొచ్చిన కిటికీని వదులుకుంటుందేమిటీ పిచ్చిది!

బావ గొంతు సవరించుకున్నాడు. "ప్రయాణికులకు గమనిక" అన్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. ఈసారి మైకు గొంతు కాదు, ఎప్పుడూ వినని మామూలు గొంతు.

"నువ్వు మార్చావు, నిజమే. నేను ఎడమ అంటే కుడి అనుకోవడం నీకు నేర్పింది ఎవరు? ఇన్నేళ్ళూ నేను ఒకటి చెప్పడం, నువ్వు దాన్ని తిరగేసుకుని సంసారం నడపడం. అలా నడుస్తోందని నాకేం తెలుసు? నేను చెప్పినట్టే అంతా నడుస్తోందనుకున్నాను." కండక్టరు వైపు తిరిగి, "పెరట్లోకి తొయ్యరా కండక్టరూ" అన్నాడు.

"రైట్" అన్నాడు కండక్టరు. ఆ ఒక్కసారి ఆ మాటకు అర్థం నాకు బాగా తెలిసింది.

కారు రేకుల కిందికి పోయింది. ముందు గది ఊడ్చి, నూనె మరకలు కడిగి, వంటింట్లోంచి మిషనును నేను, కండక్టరు మోసుకొచ్చాం. బావ నడుం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బుద్ధి ఎక్కడికి పోతుంది? "మిషను ఎడమవైపు గోడకి వెయ్యండి" అన్నాడు.

మోస్తున్న మేమిద్దరం ఆగిపోయాం. అక్క వెనక్కి తిరిగి, "ఎవరి ఎడమండీ?" అని అడిగింది.

బావ తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత గది మధ్యలో తనకు ఎదురుగా నిలబడ్డ అక్క చేతుల వంక చూశాడు. ఆ చూడటానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"నీ ఎడమే" అన్నాడు.

అక్క కళ్ళద్దాలు సర్దుకుంది, గది నాలుగు వైపులా ఒకసారి చూసుకుంది. మిషనును తన కుడివైపు పెట్టించింది. కిటికీ అటు ఉంది మరి.